ముందుజాగ్రత్తకు కొట్టే మొదటి డబ్బా

మొన్న ఆదివారం ఇంగ్లండులోని నార్విచ్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడుండే చోట ఊరు దాటగానే రెండు పక్కలా షుగర్ బీట్ చేలే. మనకి పంచదార చెరకు నుంచి వచ్చినట్టు అక్కడ ఆ దుంప నుంచి వస్తుంది. "అక్కా, ఇక్కడ కూడా మన దోమ గొడవ లాంటిదే ఒకటి నడిచింది, చదువు" అని ఒక పాత వార్త పంపాడు. బీట్ విత్తనానికి, మొక్కంతా పాకి పురుగుని చంపే నియోనికోటినాయిడ్ మందు పట్టించుకోవడానికి రైతులు అడిగిన అత్యవసర అనుమతిని 2025 జనవరిలో అక్కడి ప్రభుత్వం ఇవ్వలేదని ఆ వార్త. చదువుతుంటే బీట్ కంటే ముందు నాకు మా చేనే గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందటి సార్వాలో మేం చేసిన పని గుర్తొచ్చింది. అప్పటినుంచి మనసులో నలుగుతున్న మాట ఇవాళ రాసేస్తున్నాను. పురుగు లెక్క చూడకుండా, భయం కొద్దీ, నాట్లు వేసిన నెలా నెలన్నర లోపు కొట్టే ఆ మొదటి డబ్బా పురుగుమందు మన వరిని కాపాడటం లేదు. చాలాసార్లు వరి కాడ రసం పీల్చే సుడిదోమని పిలిచి పీట వేసేది అదే.

ఆ సార్వాలో ఏం జరిగింది

మాది పశ్చిమ గోదావరిలో అత్తిలి దగ్గర ఊరు. నాన్నకి మోకాలి ఆపరేషన్ అయినప్పటినుంచి చేను చూసుకోవడం నా వంతు అయింది. పొద్దున్న బడి, సాయంత్రం చేను. అందులో ఎకరంన్నర మడిలో మేం తినడానికని సాంబ మసూరి వేస్తాం. అన్నం బాగుంటుంది కానీ దోమకి ఇట్టే లొంగిపోయే రకం అది.

ఆ ఏడు నాట్లు వేసిన 22వ రోజున పురుగుమందు గుళికలు చల్లించాను. 30వ రోజు దాటాక అక్కడక్కడ ఆకుముడత పురుగు కనపడింది. పది దుబ్బులు వెతికితే రెండు ముడిచిన ఆకులు, అంతే. మందుల షాపులో అడిగితే "మేడమ్, ముసురు పట్టింది. పురుగు ముదిరాక కొట్టేకంటే ఇప్పుడే ఒక డబ్బా కొట్టించేయండి, మీకు టెన్షన్ ఉండదు" అన్నాడు. ఆ టెన్షన్ ఉండదన్న మాటే నాకు కావలసింది. ప్రొఫెనోఫాస్, సైపర్‌మెత్రిన్ కలిసిన మందు ఇచ్చాడు, కొట్టించాం. 42వ రోజున మళ్ళీ అదే.

సెప్టెంబరంతా చేను నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. ఊళ్ళో అందరూ మెచ్చుకున్నారు. అక్టోబరు చివర్లో, కంకి పాలు పోసుకునే వేళ, మడి మధ్యలో బండి చక్రమంత మేర ఆకులు గోధుమ రంగుకి తిరిగాయి. మూడోరోజుకి అది కళ్ళమంత అయింది. సుడి పడటమంటే అదే. లోపలికి దిగి దుబ్బు విడదీసి చూశాను. నీటికి జానెడు ఎత్తులో కాడ కనపడకుండా దోమ. చేత్తో తడితే ఊక రాలినట్టు నీళ్ళలోకి రాలింది, అందులో సగం మళ్ళీ ఎగబాకి కాడనే పట్టుకుంది. నేను చాలాసేపు నిలబడి చూశాను. ఆ నీటిమీద పరిగెత్తే సాలీడు ఒక్కటి కూడా కనపడలేదు. ఆ సంగతి ముఖ్యమని అప్పుడు నాకు తెలియదు, తర్వాత ఎన్నిసార్లు గుర్తుచేసుకున్నానో.

గట్టు అవతల కౌలుకి చేసుకునే బాబాయ్‌ది ఎకరం. అదే సాంబ మసూరి, వారం తేడాతో నాట్లు. అందులోనూ దోమ ఉంది కానీ ఒక్క సుడీ పడలేదు. "ఏం కొట్టావు బాబాయ్?" అని అడిగితే కాసేపు మాట్లాడలేదు. "పాత బాకీ తీరేదాకా అరువివ్వనన్నారమ్మా షాపులో. గుళికలు లేవు, మందూ లేదు. దేవుడి మీద భారం వేసి ఊరుకున్నాను" అన్నాడు. ఆయన దుబ్బు విడదీసి చూపించాడు. దోమలున్నాయి, ఎనిమిదో తొమ్మిదో. వాటితోపాటు వీపు మీద పిల్లల్ని మోసుకుంటూ ఒక సాలీడు, ఇంకో రెండు చిన్నవి. నా మడిలో పదకొండు బస్తాలు తగ్గాయి. ఆఖర్న దోమకని కొట్టించిన రెండు మందుల ఖర్చు అదనం.

ఒక గట్టు సాక్ష్యం సరిపోతుందా?

సరిపోదు. ఆయన మడి మాకంటే మెరక, నీళ్ళు తీసేస్తే ఆరుతుంది. మాది పల్లం, ఎప్పుడూ తడే. ఆయన యూరియా ఒక బస్తా తక్కువ వేశాడు, అది కూడా డబ్బుల్లేకే. దోమ పెరగడానికి ఈ రెండూ పెద్ద కారణాలే. కాబట్టి "మందు కొట్టలేదు, అందుకే బతికింది" అని ఆ ఒక్క చేనుని చూపించి ఎవరైనా అంటే నేనే ఒప్పుకోను. అందుకే చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ నాకు ఆశ్చర్యం, దాని వెనకాలే కోపం వచ్చాయి. ఇది ఎవరికీ తెలియని సంగతి కాదు. నలభై ఏళ్ళ పైనుంచి తెలిసిన సంగతి.

1970ల చివర్లో ఫిలిప్పీన్స్‌లో పీటర్ కెన్‌మోర్ అనే కీటక శాస్త్రవేత్త వరి మడుల్లో దోమని లెక్కపెట్టాడు. మందు కొట్టని మడుల్లో దోమ పుట్టేది, సాలీళ్ళూ, పురుగుల్ని పీల్చే మడి నల్లులూ తినేసేవి, తక్కువ సంఖ్యలోనే ఉండిపోయేది. మందు కొట్టిన మడుల్లో వందల రెట్లు పెరిగింది. దాదాపు అదే కాలంలో ఇంకో సంగతి బయటపడింది. డెల్టామెత్రిన్, మిథైల్ పెరాథియాన్ లాంటి మందులు చంపడానికి చాలనంత మోతాదులో తగిలితే దోమ చావకపోగా మామూలుకంటే ఎక్కువ గుడ్లు పెడుతుంది. మన వ్యవసాయ శాఖ సూచనల్లో "వరిలో సింథటిక్ పైరిథ్రాయిడ్లు వాడవద్దు" అని ఉండేది ఇందుకే. నాకు షాపులో ఇచ్చిన మందులో కలిసిన సైపర్‌మెత్రిన్ పైరిథ్రాయిడే. ఆ సూచన రైతు దాకా వస్తోంది కానీ, అరువిచ్చే కౌంటరు దాకా వెళ్ళడం లేదు.

దోమ ఎక్కడ దాక్కుంటుంది, సాలీడు ఎక్కడ తిరుగుతుంది

ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు మొత్తం అర్థమైంది ఇక్కడే.

సుడిదోమ ఆడది గుడ్లని ఆకు తొడిమెలో, కాడని చుట్టుకుని ఉండే ఆ పొర లోపలికి గుచ్చి పెడుతుంది. ఒక్కో ఆడదోమ రెండు మూడు వందల గుడ్లు పెడుతుంది. పైనుంచి కొట్టిన మందు ఆ గుడ్డుకి తగలదు. పెద్ద దోమ కూడా దుబ్బు మొదట్లో, నీటి పైన ఉంటుంది. మనం భుజాన డబ్బా వేసుకుని గట్టుమీంచి, పైపైన చల్లుకుంటూ పోతే మందంతా ఆకుల మీదే ఆగిపోతుంది. డ్రోనుతో కొట్టినా తీరు అదే. మరి ఆకుల మీద ఎవరు తిరుగుతున్నారు? సాలీళ్ళు, అక్షింతల పురుగులు, తూనీగలు, ఆకుపచ్చగా చీమంత ఉండే మిరిడ్ నల్లులు. మందు సూటిగా తగిలేది వీటికే.

వారం, తొమ్మిది రోజులు తిరిగేసరికి గుడ్లు పొదుగుతాయి. తినేవాడు లేని చేలోకి పిల్లదోమ దిగుతుంది. నేలమీద పరిగెత్తే సాలీడు రోజుకి 5 నుంచి 15 పురుగుల్ని తింటుంది. మిరిడ్ నల్లి రోజుకి 7 నుంచి 10 దోమ గుడ్లు పీల్చేస్తుంది. ఆ తొడిమె లోపలి గుడ్డుని పట్టుకోగలిగిన పురుగు అది, ఏ డబ్బాకీ చేతకాని పని. దాన్నే మనం చంపుకుంటున్నాం. దోమకి గుడ్డు నుంచి పెద్దదయ్యేదాకా మూడు నాలుగు వారాలు చాలు. సాలీడు మళ్ళీ సంసారం పెట్టుకోవడానికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆగస్టు చివర కొట్టిన డబ్బాకి అక్టోబరు చివర సుడి పడటం అంటే మధ్యలో దోమకి రెండు తరాలు తిరిగే తీరిక దొరికిందన్న మాట.

ఇంకో ప్రశ్న నన్ను చాలా రోజులు తొలిచింది. నాట్లు వేసిన కొత్తలో చేలో దోమే ఉండదు కదా, మరి సాలీళ్ళు ఏం తిని బతుకుతాయి? దీనికి ఇండోనేషియాలోని జావాలో జరిగిన ఒక పరిశోధన జవాబు చెప్పింది, 1996లో అచ్చయింది. బురదలో కుళ్ళే గడ్డీగాదం, పచ్చిరొట్ట తిని సన్నటి ఈగలు, నీటిపురుగులు పుడతాయి. అవి పంటకి ఏ హానీ చేయవు. సాలీళ్ళు మొదటి నెలంతా వాటిని తిని పిల్లల్ని పెట్టి, పురుగు వచ్చేసరికి సిద్ధంగా ఉంటాయి. మడిలో సేంద్రియ పదార్థం పెంచితే ఆ ఈగలూ పెరిగాయి, వాటివెంట వేటాడే పురుగులూ పెరిగాయి. మా తాత జీలుగ, పిల్లిపెసర వేసి దున్నేవాడు. భూమికి బలం అనేవాడు. ఆ బలం సాలీళ్ళ దాకా వెళుతుందని ఇప్పుడు అర్థమైంది. మొదటి నెలలో కొట్టే డబ్బా, చల్లే గుళికలు సరిగ్గా ఈ అన్నం కుండనే పగలగొడతాయి.

ఒక దేశం నేర్చుకున్న తీరు

ఇండోనేషియా కథ మన వ్యవసాయ కాలేజీల్లో పాఠంగా ఉందో లేదో కానీ, ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీదా రాయదగ్గది. 1970ల్లో అక్కడ పురుగుమందుల ధరలో ఎనభై శాతం పైన ప్రభుత్వమే భరించేది. మందు దాదాపు ఉచితం, దోమ విపరీతం. దోమని తట్టుకునే ఐఆర్ 26 అనే వరి రకం 1973లో వచ్చింది, మూడేళ్ళు తిరిగేసరికి దోమ దాన్నీ తినడం నేర్చుకుంది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించామని చెప్పుకున్న దేశం 1986కల్లా మళ్ళీ దోమతో వణికింది. ఆ నవంబరులో అధ్యక్షుడు సుహార్తో వరి మీద 57 మందులు నిషేధిస్తూ ఉత్తర్వు ఇచ్చాడు. 1989కల్లా సబ్సిడీ పూర్తిగా ఎత్తేశారు. దిగుబడి పడిపోలేదు, పెరిగింది. రైతులు పొద్దున్నే మడిలోకి దిగి దోమనీ సాలీడునీ లెక్కపెట్టి, బొమ్మ గీసి, తామే నిర్ణయించుకునే బడులు అక్కడే మొదలయ్యాయి. మన పొలంబడి మూలం అదే.

వియత్నాంలో 1990ల్లో మెకాంగ్ డెల్టా రైతులకి రేడియోలో చెప్పింది ఇంకా చిన్న మాట: మొదటి 40 రోజులు ఆకుతినే పురుగుకి మందు కొట్టవద్దు. లేత వరి పోయిన ఆకుని మళ్ళీ వేసుకుంటుంది, దిగుబడి తగ్గదు. నేను 30వ రోజున రెండు ముడిచిన ఆకుల కోసం చేసిన పని గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

అంత దూరం ఎందుకు, 1980ల్లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలల్లో పైరిథ్రాయిడ్లు వచ్చాక తెల్లదోమ ఎలా విరుచుకుపడిందో ఆ తరం రైతుల్ని అడిగితే చెబుతారు.

బీట్ దగ్గర నా వాదన ఆగిపోయింది

ఇంతవరకూ రాసి ఊరుకుంటే నాకు సులువు. కానీ తమ్ముడు పంపిన వార్త నన్ను ఇక్కడ ఆపేసింది.

బీట్‌కి శత్రువు పచ్చ పేనుబంక. అది రసం పీల్చి చేసే నష్టం కొంచెమే. అసలు నష్టం అది మోసుకొచ్చే వైరస్‌లది, ఆకులు పసుపెక్కి దుంప ఊరదు. 12 ఆకులు వచ్చేదాకా మొక్క దానికి తట్టుకోలేదు. అక్కడ అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు, పేనుబంకలో గుడ్డు పెట్టే కందిరీగలు, అన్నీ ఉన్నాయి. కానీ అవి పేనుబంక పెరిగాకే వస్తాయి. అప్పటికే వైరస్ ఎక్కేసి ఉంటుంది. తినేవాడు వచ్చేసరికి దొంగ పని ముగించుకుపోయాడన్న మాట. యూరప్‌లో ఈ నియోనికోటినాయిడ్ మందుల్ని ఆరుబయట వాడకుండా 2018లో నిషేధించారు. 2020లో ఇంగ్లండులో బీట్ దిగుబడి నాలుగో వంతు పోయింది, ఫ్రాన్సులో అంతకన్నా ఎక్కువే. ఆ రైతు నా ముందు నిలబడి "సాలీడు వచ్చేదాకా ఆగమంటావా అమ్మా?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి నా మాటని నేనే సరిచేసుకోవాలి. గుంపుగా పెరిగి, పీల్చి పంటని చంపే పురుగు వేరు. ఒక్కటి వచ్చి రోగం అంటించిపోయే పురుగు వేరు. సుడిదోమకి పనికొచ్చే ఓర్పు రోగం మోసే పురుగు దగ్గర పనికిరాదు. మన వరిలోనే టుంగ్రో వైరస్‌ని మోసే పచ్చదోమ ఉంది. మిరపలో బొబ్బర తెగులు మోసే తెల్లదోమ ఉంది. వీటన్నిటికీ కలిపి "మిత్రపురుగులే చూసుకుంటాయి" అనడం రైతుని ముంచడమే.

అయితే బీట్ కథలో ఇంకో సగం కూడా ఉంది. పచ్చ పేనుబంక పైరిథ్రాయిడ్లకి ఎప్పుడో అలవాటుపడిపోయింది. అవి కొడితే అక్షింతల పురుగు చస్తుంది, పేనుబంక మిగులుతుంది. మా మడిలో జరిగిందే. ఇక విత్తనానికి పట్టించిన మందు లోపలే ఉంటుంది, మిత్రపురుగుకి తగలదు అని నేనూ అనుకునేదాన్ని. అమెరికాలో పెన్సిల్వేనియాలో సోయాచిక్కుడు మీద 2015లో వచ్చిన పరిశోధన చదివాక ఆ నమ్మకం పోయింది. మందు పట్టించిన విత్తనపు మొలకల్ని గుల్ల లేని నత్తలు తిన్నాయి, వాటికేమీ కాలేదు. ఆ నత్తల్ని తిన్న నేలపెంకు పురుగుల్లో చాలావరకు మూర్ఛపోయాయి, లేదా చచ్చాయి. నత్తలు పెరిగాయి, పంట తగ్గింది.

ఇంగ్లండులో నాకు నచ్చింది 2021 సంగతి. అత్యవసర అనుమతి ఇస్తూనే ఒక గీత పెట్టారు. జనవరి, ఫిబ్రవరి చలిని బట్టి రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం వైరస్ ఎంత రావచ్చో అంచనా కడుతుంది. అది 9 శాతం దాటితేనే మందు పట్టించిన విత్తనం వాడాలి. ఆ ఏడు చలి ఎక్కువ, అంచనా గీత దాటలేదు, అనుమతి చేతిలో ఉన్నా వాడలేదు. మరుసటి ఏడు కొత్త గీత పెట్టారు, అంచనా దాన్నీ దాటింది, వాడారు. తర్వాత ఆ అనుమతులు ఆగిపోవడం మంచిదా కాదా అన్నది వేరే చర్చ. లెక్క చూసి నిర్ణయించారు, అది నాకు ముఖ్యం. క్యాలెండరులో 30వ రోజు వచ్చిందని కాదు.

భయం ఎవరిది

మా ఊళ్ళో ఈ మాటలు చెబితే ఒక కౌలు రైతు నన్ను సూటిగా అడిగాడు. "మీకు జీతం ఉందండి. చేను పోతే పదకొండు బస్తాలు పోయాయని రాసుకుంటారు. నాకు చేను పోయినా కౌలు బస్తాలు కొలవాలి. ఆరేడు వందల రూపాయల డబ్బా కొట్టేస్తే రాత్రి నిద్ర పడుతుంది." దీనికి నేను వాదించలేదు. వాదించే హక్కు నాకుందని అనిపించలేదు. ఆ నిద్ర నాకూ తెలుసు, ఆ షాపులో నేను కొనుక్కున్నదీ అదే. కానీ ఆ నిద్ర ఆగస్టుకే. అక్టోబరులో దోమ పడ్డాక ఆయన ఒక్కో మందుకి అంతకు రెండు మూడింతలు పెట్టాడు, అది కూడా అరువు మీద. ముందు డబ్బా ఖర్చులో ఈ రెండో ఖర్చుని ఎవరూ కలిపి చూపించరు.

ఇప్పుడు బూప్రోఫెజిన్ లాంటి మందులున్నాయి, పిల్లదోమని పొర వదలనీయకుండా ఆపి చంపుతాయి, సాలీడు జోలికి అంతగా పోవు. అవసరం పడితే వాటిని వాడటానికి నాకు అభ్యంతరం లేదు, పోయిన ఏడు పల్లపు మూల వాడాను కూడా. విజేత, కాటన్‌దొర సన్నాలు లాంటి దోమని తట్టుకునే రకాలు మారుటేరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చింది. ప్రతి రెండు మీటర్లకీ ఇరవై సెంటీమీటర్ల కాలిబాట తీయడం, మధ్యమధ్య మడి ఆరబెట్టడం, ఇవన్నీ పనిచేసేవే. కానీ వీటన్నిటినీ ఆ మొదటి డబ్బా నీరుగారుస్తుంది.

దోమ లెక్కకి మనవాళ్ళు చెప్పే గీత, అంటే అది దాటితేనే మందు కొట్టాల్సిన హద్దు, పిలక దశలో దుబ్బుకి 10 నుంచి 15, ఈనిన తర్వాత 20 నుంచి 25. మంచిదే. కానీ తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం గీత నాకు ఇంకా నచ్చింది. సాలీడు లేకపోతే పిలకకి ఒక దోమ, దుబ్బుకి ఒక సాలీడు ఉంటే పిలకకి రెండు. ఒక్క సాలీడు ఉంటే చాలు, చేను రెట్టింపు దోమని మోయగలదు. సాలీడుకి లెక్కలో చోటిచ్చిన గీత అది. మన కరపత్రాల్లో కూడా ఆ రెండో గడి ఉండాలని నా కోరిక.

నా నోటుబుక్కులో ఆ గడి ఉంది. పోయిన ఏడు నుంచి ఐదు రోజులకోసారి ఐమూలగా నడిచి ఇరవై దుబ్బులు విడదీసి చూస్తున్నాను. పోయిన ఏడు 60 రోజులదాకా ఏమీ కొట్టలేదు. పల్లపు మూల నాలుగు సెంట్లలో దోమ పెరిగింది, అక్కడికే బూప్రోఫెజిన్ కొట్టించాను, ఓ అరబస్తా పోయిందేమో. ఈ ఏడు నిన్నటికి నాట్లు వేసి 31 రోజులు. ముసురు పట్టింది, షాపు నుంచి ఫోన్ వచ్చింది. సాయంత్రం గొడుగు వేసుకుని మడిలో దిగాను. ఇరవై దుబ్బుల్లో దోమలు 14, సాలీళ్ళు 23, మిరిడ్ నల్లులు 6, ముడిచిన ఆకులు ఏడు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే నాన్న అరుగు మీంచి అడిగారు, "సాలీళ్ళు ఎన్ని?" అని. చెప్పాను. "గురువారం మళ్ళీ చూడు, పల్లపు మూల ఐదు దుబ్బులు ఎక్కువ చూడు" అన్నారు.